చనుమొనలు లోపలికి ఉన్నా పాలివ్వవచ్చు

తొలి కాన్పు, ఎనిమిదో నెల, చనుమొనలు లోపలికి ఉన్నాయి, పాలివ్వగలనా అని అడిగారు. చాలామంది ఇవ్వగలుగుతున్నారండి, దిగులు పడకండి. బిడ్డ పట్టుకోవలసింది మొనను ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా. నోరు బాగా తెరిచి, కింది పెదవి బయటికి తిరిగి, గడ్డం రొమ్ముకు ఆనితే పట్టు కుదిరినట్టే. పాలిచ్చేటప్పుడు మీకు నొప్పి తగ్గకపోతే శుభ్రమైన వేలిని బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి, మళ్లీ పట్టించండి. ఇప్పటి నుంచే మొనలను లాగడం, రుద్దడం మాత్రం వద్దు.

ఈ నెలలోనే పాలివ్వడంపై కౌన్సెలింగ్‌కు వెళ్లండి, ఇంట్లోవాళ్లనూ తీసుకెళ్లండి. ‘పాలు చాలడం లేదేమో’ అనే మాట తరచూ వాళ్ల నుంచే వస్తుంది. ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి, మొదటి రోజుల్లో బిడ్డకు సాధారణంగా అవే సరిపోతాయి. సిజేరియన్ అయినా సరే, వీలైతే గంటలోపు పాలు పట్టించమని డాక్టరుకు ముందే చెప్పి ఉంచండి.