సందేహాలు – సమాధానాలు: శుభలేఖలో ‘ఆయుధ పరిశోధకురాలు’

సందేహం: మాది కావలి. మా అన్నగారి అమ్మాయి జెనీవాలో ఒక సంస్థలో ఆర్మ్స్ కంట్రోల్ మీద రీసెర్చ్ చేస్తోంది. ఏ దేశం దగ్గర ఎన్ని బాంబులున్నాయి, ఒప్పుకున్న ప్రకారం తగ్గించారా లేదా అని లెక్కలు తీయడం తన పని అంటుంది. వచ్చే నెల పెళ్లి. శుభలేఖ ప్రూఫ్‌లో పేరు కింద ‘ఆయుధ పరిశోధకురాలు’ అని వచ్చింది. మగపెళ్లివారి తరఫు పెద్దావిడ అది చూసి ‘పిల్ల బాంబులు చేస్తాదా ఏంది?’ అని అడిగింది. ఆ మాట విని అమ్మాయి చాలా బాధపడింది. ప్రెస్సులో పెద్దాయన ‘నిశ్శస్త్రీకరణ’ అని వేద్దామంటున్నారు. అన్నయ్య ‘నిరాయుధీకరణ’ అంటున్నాడు. ఇవేవీ నోరు తిరగడం లేదని వదిన అంటోంది. ఏది సరైన మాట? ఆయుధ నియంత్రణ, నిరాయుధీకరణ రెండూ ఒకటేనా?

సమాధానం: మీ అమ్మాయి బాధలో న్యాయం ఉంది. తను చేసే పని ఆ కార్డులో తలకిందులై కనిపించింది. అయితే ప్రెస్సువాళ్లను తప్పుపట్టలేం. ‘ఆయుధ పరిశోధకురాలు’ అనే సమాసంలో వ్యాకరణ దోషమేమీ లేదు. ఆయుధాలను గురించి పరిశోధించే ఆమె అని దాని అర్థం. పరిశోధన ఎందుకోసం అన్నది మాత్రం సమాసం చెప్పదు. వినేవాళ్లే ఊహించుకోవాలి.

వరి పరిశోధకుడు అంటే వరి బాగా పండడానికి పాటుపడేవాడు అనుకుంటాం. నెల్లూరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ‘నెల్లూరు మసూరి’ అన్నం తిన్నవాళ్లం, మనకు అందులో అనుమానం రాదు. క్యాన్సర్ పరిశోధకుడు అంటే క్యాన్సర్‌ను పెంచేవాడని మాత్రం ఎవరూ అనుకోరు. రెండు సమాసాల నిర్మాణం ఒక్కటే, అర్థం పోయే దిక్కులు ఎదురెదురు. లోకంలో మనం ఎవరిని చూశామో దాన్నిబట్టి ఆ దిక్కు తేల్చుకుంటాం. క్షిపణులు తయారుచేసే శాస్త్రవేత్తల గురించి పేపర్లో తరచూ చదువుతాం. వాటిని తగ్గించడం కోసం జీవితమంతా చదువుకునేవాళ్లు ఉన్నారని చాలామందికి తెలియదు. ఆ పెద్దావిడ అడిగింది అందుకే. ఆమె మీద కోపం పెట్టుకోవద్దని అమ్మాయికి చెప్పండి.

ఒకే మనిషి ఈ రెండు దిక్కులా నడిచిన సందర్భం కూడా ఉంది. జోసెఫ్ రాట్‌బ్లాట్ అనే భౌతిక శాస్త్రవేత్త రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా అణుబాంబు తయారీలో పనిచేశారు. జర్మనీ తన బాంబు ప్రయత్నం వదిలేసిందని తెలిశాక, 1944 చివర్లో, ఆ పని మానుకుని వెళ్లిపోయారు. 1957లో కెనడాలోని పగ్‌వాష్ అనే చిన్న ఊళ్లో అణ్వస్త్రాల ప్రమాదం గురించి మాట్లాడుకోవడానికి శాస్త్రవేత్తలు కలిశారు. ఆ సమావేశాలను ఏళ్ల తరబడి నడిపినవారిలో ఆయన ముఖ్యులు. 1995లో ఆయనకూ ఆ సంస్థకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. 1944లో ఆయన్ను ‘ఆయుధ పరిశోధకుడు’ అంటే సరిపోయేది. 1957 తర్వాత కూడా అదే మాట అంటే అన్యాయం. అంటే ఇక్కడ మరో మాట కావాలి.

ఇక మీ రెండో ప్రశ్న. ఆయుధ నియంత్రణ, నిరాయుధీకరణ ఒకటి కావు.

నియంత్రణ అంటే పగ్గం పట్టడం. సంస్కృతంలో ‘నియంత’ అంటే రథం తోలేవాడు అనే అర్థం కూడా ఉంది. తెలుగులో ఆ మాట డిక్టేటర్‌కు స్థిరపడిపోయింది గాని, అసలు పగ్గాలు చేతిలో ఉన్నవాడని. పగ్గం పట్టినంత మాత్రాన గుర్రాలు ఎక్కడికీ పోవు, బండికే ఉంటాయి. ఆయుధ నియంత్రణలోనూ ఆయుధాలు ఉంటాయి. ఎన్ని ఉండాలి, ఎక్కడ ఉండాలి, ఎవరు వచ్చి చూడాలి అన్నదే ఒప్పందం. అమెరికా, రష్యాలు 2010లో చేసుకున్న న్యూ స్టార్ట్ ఒప్పందం ఇలాంటిదే, 2026 ఫిబ్రవరిలో దాని గడువు తీరింది. ప్రయోగానికి సిద్ధంగా మోహరించిన వార్‌హెడ్లు (క్షిపణి మొనలో ఉండే బాంబులు) ఒక్కో దేశానికి 1,550కి మించకూడదు అన్నారు. మోహరించకుండా గిడ్డంగిలో పెట్టిన వార్‌హెడ్లు ఆ 1,550 లెక్కలోకి రాలేదు.

ఈ తేడా నెల్లూరు వాళ్లకు ఇట్టే తెలుస్తుంది, తిక్కన గారి ఊరు కదా. ఆయన తెలుగు చేసిన విరాటపర్వంలో పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్తూ ఆయుధాలన్నీ శవంలా మూటగట్టి జమ్మిచెట్టు మీద పెట్టారు. ఏడాది గడిచింది. కౌరవులు గోవులను తోలుకుపోతుంటే బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు ఉత్తరకుమారుణ్ని చెట్టెక్కించి ఆ మూటే దింపించాడు. గాండీవం చెక్కుచెదరలేదు. చిన్నప్పుడు దసరా నాడు మా తాత నాచేత ఒక చిన్న కాగితం మీద ‘శమీ శమయతే పాపం’ శ్లోకం రాయించి జమ్మికొమ్మకు కట్టించేవారు. అందులో ‘అర్జునస్య ధనుర్ధారీ’ అని వస్తుంది. అర్జునుడి ధనుస్సును ధరించినది అని చెట్టుకు విశేషణం. విల్లు పోలేదు, చెట్టు చేతికి మారిందంతే. పాండవులు ఆ ఏడాది నిరాయుధులుగా తిరిగారు. కాని అక్కడ జరిగింది నిరాయుధీకరణ కాదు.

ఎందుకు కాదో ‘నిరాయుధీకరణ’ అనే మాటే చెబుతుంది. నిరాయుధ, కరణ అనే రెండు మాటల మధ్య ‘ఈ’ ఎక్కడినుంచి వచ్చింది? సంస్కృత వ్యాకరణంలో దీన్ని చ్వి ప్రత్యయం అంటారు. కృ, భూ, అస్ ధాతువులు పక్కన ఉన్నప్పుడు వస్తుంది. ప్రత్యయం తాను కనిపించదు, ముందున్న అకారాన్ని ఈకారం చేసి తప్పుకుంటుంది. దాని అర్థాన్ని ‘అభూత తద్భావం’ అన్నారు. అంతకుముందు అలా లేనిది అలా కావడం అని. నీళ్లు ఘనీభవించాయి అంటే ముందు ఘనంగా లేవు, ఇప్పుడయ్యాయి. సరళీకరణ అంటే ముందు సరళంగా లేనిదాన్ని అలా చేయడం. ప్రైవేటీకరణలో ఇంగ్లీషు మాటకు కూడా ఈ ప్రత్యయమే తగిలించుకున్నాం, అర్థం చెడలేదు. ముందే ప్రైవేటుగా ఉన్నదాన్ని ఎవరూ ప్రైవేటీకరించలేరు.

కాబట్టి నిరాయుధీకరణ అనాలంటే ముందు ఆయుధం ఉండి తీరాలి, తర్వాత అది లేకుండా పోవాలి. అణుబాంబు ఎప్పుడూ చేయని దేశాన్ని అణ్వాయుధ రహిత దేశం అనండి, నిరాయుధీకరణ చేసుకుంది అనకండి. దక్షిణాఫ్రికాకు ఆ మాట అతికినట్టు సరిపోతుంది. రహస్యంగా ఆరు అణుబాంబులు తయారుచేసి, తానే విప్పేసి, ఆ సంగతి 1993 మార్చిలో అధ్యక్షుడు డి క్లర్క్ పార్లమెంటులో ప్రకటించారు. సొంతంగా చేసిన అణ్వాయుధాలన్నీ తానే వదులుకున్న దేశం ప్రపంచంలో అదొక్కటే. మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం 1997లో అమల్లోకి వచ్చినప్పుడు తన దగ్గర నిల్వలున్నాయని భారత్ ఒప్పుకుని, 2009కల్లా అన్నీ ధ్వంసం చేసింది. ఆ ఒక్క రకం వరకు అది నూటికి నూరుపాళ్లు నిరాయుధీకరణ.

ప్రెస్సు పెద్దాయన చెప్పిన ‘నిశ్శస్త్రీకరణ’ తప్పు మాట కాదు. నిః, శస్త్ర కలిస్తే విసర్గ శకారంగా మారి ద్విత్వం వస్తుంది. కొందరు ‘నిరస్త్రీకరణ’ అని కూడా రాస్తారు, హిందీలో అది బాగా వాడుకలో ఉంది. అయితే శస్త్రం అంటే కోసేది. చేతిలో పట్టుకుని వాడే కత్తిలాంటిది. శస్త్రచికిత్సలో ఉన్నది అదే. అస్త్రం అంటే విసిరేది, బాణం లాంటిది. ఆయుధం అంటే పోరాడటానికి పనికొచ్చేది ఏదైనా. కత్తి, క్షిపణి, మందుపాతర, విషవాయువు అన్నీ పట్టేది ఈ మూడో మాటలోనే. అందుకే మీ అన్నగారు చెప్పిన మాటకే నా ఓటు.

అస్త్రం అనే మాట విసరడం అనే అర్థం ఉన్న ‘అస్’ ధాతువు నుంచి పుట్టింది (చ్వి దగ్గర చెప్పిన ‘అస్’ వేరు). దాని నుంచే ‘నిరసన’ కూడా వచ్చింది. నెట్టివేయడం, వద్దని తోసిపుచ్చడం అని నిరసనకు మొదటి అర్థం. అస్త్రానికీ, ఆ అస్త్రం వద్దని రోడ్డెక్కే నిరసనకూ పుట్టిల్లు ఒకటే అని తెలిసిన రోజు నాకు చాలాసేపు మరో పని తోచలేదు.

అడగకపోయినా ఇంకొక్కటి. అణు, అస్త్రం కలిస్తే అణ్వస్త్రం. అణు, ఆయుధం కలిస్తే అణ్వాయుధం. ఈ రెండూ కలగాపులగమై ‘అణ్వాస్త్రం’ అని పేపర్లలో, టీవీ స్క్రోలింగుల్లో వస్తోంది. అది తప్పు. సంధి చేయడం ఇష్టం లేకపోతే ‘అణు ఆయుధం’ అని విడదీసి రాసుకోవచ్చు, ఎవరూ కాదనరు. అంకెలు రాసేటప్పుడు కూడా మనవాళ్లు తొందరపడుతున్నారు. స్టాక్‌హోమ్‌లోని సిప్రి అనే పరిశోధన సంస్థ 1966 నుంచి పనిచేస్తోంది. 2025 జనవరి నాటికి ప్రపంచంలో 12,241 అణు వార్‌హెడ్లు ఉన్నాయని దాని అంచనా. వాటిలో సైన్యాల నిల్వల్లో ఉన్నవి సుమారు 9,614, ఆ నిల్వల్లోనే మోహరించినవి సుమారు 3,912. నిల్వల్లో లేనివి ఎక్కువగా సేవ నుంచి తీసేసి, విప్పడం కోసం పక్కన పెట్టినవి. ఈ మూడింటినీ ‘అణ్వస్త్రాలు’ అన్న ఒక్క మాటలో కుక్కితే ఏ ఏడు పెరిగాయో ఏ ఏడు తగ్గాయో పాఠకుడికి తెలియదు. మొత్తం, నిల్వలో ఉన్నవి, మోహరించినవి అని విడివిడిగా రాయాలి.

ఈ అంకెలు ఎవరు తెస్తారు? మీ అమ్మాయిలాంటివాళ్లే. చాలా దేశాలు తమ గిడ్డంగి తాళం తీసి ఇదిగో అని లెక్క చెప్పవు. ఉపగ్రహ చిత్రాలు, బడ్జెట్ పత్రాలు, ప్రభుత్వాల ప్రకటనలు ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి. ఒక్కోసారి ఆధారం మనం ఊహించని చోట దొరుకుతుంది. 1958లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కొందరు శాస్త్రవేత్తలు, తల్లులు కలిసి పిల్లలకు ఊడిన పాలపళ్లు సేకరించడం మొదలుపెట్టారు. మన దగ్గర ఇంటి కప్పు మీదికి విసిరేసే పన్ను. గాలిలో బాంబులు పేల్చి చూస్తున్న రోజులవి. పేలుడులో పుట్టే స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డి మీద పడి, ఆవుపాలలోకి వచ్చి, పిల్లల పళ్లలో కాల్షియంలాగా చేరిపోతుంది. పరీక్షలు ఎక్కువైన కాలంలో పుట్టిన పిల్లల పళ్లలో అది ఎక్కువగా ఉందని ఆ పాలపళ్లే చూపించాయి. 1963లో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలను నిషేధించే ఒప్పందం కుదిరింది.

ఆ తర్వాత ఎక్కువ పరీక్షలు నేల కిందికి పోయాయి. అప్పుడు భూకంపాలు చదివేవాళ్ల అవసరం వచ్చింది. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూమి కదిలింది. అలాంటి కదలిక భూకంపమా, ఎవరైనా బాంబు పేల్చారా అని ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? భూకంపంలో రాతి పొరలు ఒకదాన్నొకటి ఒరుసుకుని జారతాయి. మొదటి అల ఒకవైపు నేలను తోస్తే ఇంకోవైపు లాగుతుంది. పేలుడులో అన్నివైపులా ముందు తోపే ఉంటుంది. సీస్మోగ్రాఫ్ గీతలో మొదటి గీత పైకి లేచిందా కిందికి దిగిందా అన్నది ఒక గుర్తు, ఇంకా కొన్ని ఉన్నాయి. అణుపరీక్షలన్నిటినీ నిషేధించే 1996 ఒప్పందం కోసం ప్రపంచమంతటా 337 కేంద్రాలు ఉండాలని అనుకున్నారు. వాటిలో 170 నేల అదురును వినేవే.

చెప్పిన లెక్క నిజమో కాదో తేల్చే ఈ పనిని, ఇంగ్లీషులో వెరిఫికేషన్ అనేదాన్ని, తెలుగులో ఏమనాలని కూడా అడుగుతుంటారు. ‘ధ్రువీకరణ’ అనగానే మనకు ఎమ్మార్వో ఆఫీసు సర్టిఫికెట్ గుర్తొస్తుంది. అక్కడికి వెళ్లి చూడటాన్ని ‘తనిఖీ’ అందాం, అందరి నోటా ఉన్న మాట. చెప్పిన లెక్కను ఉన్నదానితో పోల్చడాన్ని ‘సరిచూడటం’ అంటే చాలు.

‘అస్త్రసన్యాసం’ అనే మాటను మాత్రం ఈ సందర్భంలో వాడవద్దు. ఇప్పుడది ఓటమి ఒప్పుకోవడానికి, పోటీ నుంచి తప్పుకోవడానికి వాడుక అయిపోయింది. పైగా దాని కథ వేరు. అశ్వత్థామ చనిపోయాడన్న మాట నమ్మి ద్రోణుడు ఆయుధం దించాడు. చచ్చింది ఏనుగు. ఆ వార్తను సరిచూసి చెప్పేవాళ్లు ఆయన పక్కన ఒక్కరూ లేరు. మీ అమ్మాయి చేస్తున్నది అలాంటి మోసం జరగకుండా చూసే పని.

ఇక కార్డు సంగతి. ‘నిరాయుధీకరణ పరిశోధకురాలు’ అని వేయించండి. ‘ఆయుధ నియంత్రణ పరిశోధకురాలు’ అన్నా తన పనికి సరిపోతుంది. కాని చదివేవాళ్లు ‘ఆయుధ’ దగ్గరే ఆగిపోతారేమోనని నా భయం. మొదటి మాటలో ‘నిర్’ ముందే వినబడుతుంది. జెనీవాలోనే ఉన్న ఐక్యరాజ్యసమితి సంస్థ కూడా 1980 నుంచి తన పేరులో ‘నిరాయుధీకరణ పరిశోధన’ అనే పెట్టుకుంది. మీ వదినగారికి నోరు తిరగకపోతే ఇబ్బంది ఏమీ లేదు. పిలుపులకు వెళ్లినప్పుడు ‘మా అమ్మాయి దేశాల దగ్గర బాంబులు తగ్గించే పనిలో ఉంది’ అని చెప్పమనండి. ఆ పెద్దావిడకూ ఆ మాటే చెప్పండి.

ప్రూఫ్ మళ్లీ వచ్చినప్పుడు ‘ధీ’ చూసుకోండి. ఒత్తు, దీర్ఘం రెండూ ఉండాలి. కొన్ని ఫాంట్లలో ఆ ఒత్తు కనిపించీ కనిపించనట్టు ఉంటుంది, ‘నిరాయుదీకరణ’ అని పడిపోతుంది.