పాత 5.1 హోమ్ థియేటర్‌కు ఫైర్ టీవీ స్టిక్ కలపొచ్చా?

"మా ఇంట్లో డీవీడీల కాలం నాటి 5.1 హోమ్ థియేటర్ ఉంది. ఫైర్ టీవీ స్టిక్ దానికి కుదరదు, సౌండ్‌బార్ కొనుక్కోండి అని షాపువాళ్ళు అంటున్నారు, నిజమేనా?" అని ఒకరు అడిగారు. (టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకు పెట్టి ఓటీటీలు చూసే చిన్న పరికరమే ఈ స్టిక్.)

నిజం కాదు. శుభ్రంగా కుదురుతుంది. ఆ సెట్‌ను పాత సామానువాడికి మాత్రం ఇవ్వకండి. ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్ విడివిడిగా ఉన్న సెట్ ఇచ్చే సౌండ్‌ను చిన్న సౌండ్‌బార్ ఇవ్వలేదని నా గట్టి నమ్మకం.

షాపులో కుదరదు అనడానికి కారణం ఒకటుంది. ఆ సెట్‌లో డీవీడీ పెట్టే మెయిన్ డబ్బా వెనక ఉండే హెచ్‌డీఎంఐ రంధ్రం చాలా సెట్లలో 'అవుట్' మాత్రమే. అంటే డీవీడీ బొమ్మ టీవీకి వెళ్ళడానికి తప్ప బయటి నుంచి ఏదీ లోపలికి తీసుకోదు. అందుకే స్టిక్‌ను టీవీకే పెట్టాలి, సౌండ్‌ను టీవీ నుంచి డబ్బాకు తేవాలి. డబ్బా మీద హెచ్‌డీఎంఐ అవుట్ పక్కన 'ఏఆర్‌సీ' అని రాసి ఉంటే మీ పని సులువు. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4తో మొదలైన సదుపాయం అది. ఒకే వైరులో బొమ్మ ఇటు నుంచి అటు, సౌండ్ అటు నుంచి ఇటు నడుస్తాయి. టీవీకి కూడా ఏఆర్‌సీ అని రాసిన పోర్టుకే పెట్టాలి, పక్కదానికి పెడితే సౌండ్ రాదు. అది లేకపోతే వెలుగు రూపంలో సౌండ్ పంపే ఆప్టికల్ కేబుల్ కొనండి. దాని రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ మూతలుంటాయి, అవి తీసేసి పెట్టాలి. టీవీకి పెట్టాక రెండో చివర ఎర్రటి వెలుగు కనిపిస్తే టీవీ ఆప్టికల్ పోర్టు ఆన్‌లో ఉన్నట్టే.

తర్వాత సెట్టింగ్స్. ఓటీటీల్లో 5.1 సౌండ్ ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ అనే ఫార్మాట్‌లో వస్తుంది. పాత డబ్బాలకు ప్లస్ లేని మామూలు డాల్బీ డిజిటలే తెలుసు, ఆప్టికల్ వైరులోంచి కూడా ప్లస్ వెళ్ళదు. స్టిక్ ఆడియో సెట్టింగ్స్‌లో సరౌండ్ సౌండ్ దగ్గర డాల్బీ డిజిటల్ పెట్టండి. అది కనబడకపోతే పీసీఎం పెట్టండి. అప్పుడు వచ్చేది స్టీరియోనే, అంటే కుడి, ఎడమ రెండు స్పీకర్ల సౌండే. అయినా డబ్బాలో ప్రో లాజిక్ అనే మోడ్ ఉంటే దాన్ని అన్ని స్పీకర్లకూ పంచుతుంది.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. నేను అసలు చెప్పదలచుకున్నది సెంటర్ స్పీకర్ గురించి.

సంక్రాంతికి తెనాలిలో మా మావయ్య వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళకూ ఇలాంటి సెట్టే ఉంది. కొత్తగా స్టిక్ పెట్టి, ఆప్టికల్ వైరుతో కలిపారు. సినిమా వేస్తే ఫైట్లు, పాటలు మోగిపోతున్నాయి. మాటలు మాత్రం ఎక్కడో పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టు ఉన్నాయి. "పాటొస్తే చెవులు పగిలిపోతున్నాయి, మాటొస్తే ఒక్క ముక్క వినపడట్లేదురా" అని అమ్మమ్మ గోల. రిమోట్ అత్తయ్య చేతిలో ఉంది, పాట రాగానే తగ్గించడం, మాట రాగానే పెంచడం. మావయ్య అయితే స్టిక్కే డిఫెక్ట్ పీసు అని తేల్చేశాడు. ఎందుకంటే కేబుల్ టీవీ పెడితే అన్నీ బాగానే వినపడుతున్నాయి మరి!

కేబుల్ బాక్స్ ఎర్ర, తెల్ల వైర్లతో డబ్బా వెనక ఆక్స్ అనే సౌండ్ ఇన్‌పుట్‌కు కలిపి ఉంది. అందులో వచ్చేది స్టీరియో, కుడి ఎడమ స్పీకర్లలోంచే అన్నీ వచ్చేస్తాయి. ఓటీటీలో 5.1 వస్తే అలా కాదు. మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకర్‌కే పంపుతారు. డబ్బా రిమోట్ మీద టెస్ట్ టోన్ అనే బటన్ ఉంది, నొక్కితే ఒక్కో స్పీకర్‌లో వరసగా 'స్స్' మని చప్పుడు వస్తుంది. ఎడమ దాంట్లో వచ్చింది, మధ్యది మౌనం, కుడి దాంట్లో మళ్ళీ వచ్చింది. షోకేసు జరిపి చూస్తే సెంటర్ స్పీకర్ వైరును ఎలుకలు కొరికేశాయి! ఎప్పుడు కొరికాయో ఎవరికీ తెలీదు, స్టీరియో వింటున్నంతకాలం ఆ లోటు తెలీలేదు.

ఎలక్ట్రికల్ షాపు నుంచి మామూలు రెండు పోగుల వైరు తెచ్చి, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ చూసి కలిపి, టేపు చుట్టాం. అదే సినిమా మళ్ళీ పెడితే ఈసారి "కాస్త తగ్గించరా" అంది అమ్మమ్మ.

ఓటీటీలో డైలాగులు వినపడట్లేదని సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తున్న ఇళ్ళు ఎన్నో చూస్తున్నాను. హోమ్ థియేటర్ ఉన్న ఇళ్ళయితే సగానికి పైగా ఇదే గొడవ అని నా అభిప్రాయం. వైరు ఊడిపోయి ఉంటుంది, లేదా స్పీకర్‌ను టీవీ వెనక దాచేసి ఉంటారు. సెంటర్ స్పీకర్ టీవీ కింద, ముందుకు, మన ముఖం వైపు ఉండాలి. అందంగా ఉంటుందని ఐదింటినీ షోకేసులో వరసగా పేర్చేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వెనకవి రెండూ సోఫా వెనక ఉండాల్సినవి కదా!

టీవీ బిగించడానికి వచ్చేవాళ్ళ మీద కూడా నాకు కోపమే. గోడకు అతికించినట్టు బిగించేసి వెళ్ళిపోతారు, పోర్టుల్లోకి వేలు కూడా దూరదు. బిగించేటప్పుడే పక్కన నిలబడి, ఏఆర్‌సీ, ఆప్టికల్ పోర్టులు అందేలా ఖాళీ ఉంచమని అడగండి. స్టిక్ పట్టకపోతే దాంతోపాటు వచ్చిన చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ వాడండి, పారేయకండి. కరెంటు కూడా టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వొద్దు. చాలా టీవీల యూఎస్‌బీ ఇచ్చేది అర ఆంపియరే, అది చాలక స్టిక్ సినిమా మధ్యలో రీస్టార్ట్ అవుతుంది. దాని అడాప్టర్ దానికే పెట్టండి.

అంతా అయ్యాక మాట రెండుసార్లు వినిపిస్తుంటే టీవీ స్పీకర్లు ఇంకా ఆన్‌లో ఉన్నట్టు. టీవీ సౌండ్ అవుట్‌పుట్‌లో ఆప్టికల్ లేదా ఏఆర్‌సీ ఒక్కటే ఎంచుకోండి.