లారీ వెనక జోడు టైర్లలో లోపలిదే ఎందుకు పేలుతోంది?

అన్నా, ఎండలకు గాలి తగ్గించి నడుపుతున్నా లోపలి టైరే పేలుతోందన్నారు కదా. ఆ తగ్గించడమే తప్పు. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా వంగుతాయి, వేడి పుట్టేది అక్కడే. దారిలో టైరు వేడెక్కి గాలి మీటరు ఎక్కువ చూపించడం మామూలే, అప్పుడు గాలి అస్సలు వదలొద్దు. పొద్దున బండి కదలకముందే చూసి, లోడుకు కంపెనీ చెప్పినంత పట్టించండి. లోపలిదానికి గాలి చూడటానికి చెయ్యి అందేలా పొడుగు వాల్వు పెట్టించుకోండి. సుత్తితో కొట్టి శబ్దం వినడాన్ని నమ్మకండి, గాలి కాస్త తగ్గితే అలా తెలియదు. కొత్తదీ అరిగినదీ జోడు కట్టొద్దు: వ్యాసంలో తేడా 6 మిల్లీమీటర్లు దాటితే పెద్దదాని మీదే ఎక్కువ బరువు పడుతుంది. రెండు టైర్ల మధ్యలో రాయి ఇరుక్కుందేమో ఆగినప్పుడల్లా చూడండి. గాలి సరిగ్గా ఉన్నా ఒక్క చక్రం బ్రేకు డ్రమ్మే కాలిపోతుంటే బ్రేకు పట్టేస్తుండొచ్చు, ముందు అది విప్పించండి.