సెకండ్ హ్యాండ్ కారు: ముందు విన్ నంబర్, ఆ తర్వాతే డాలర్లు

ప్రశ్న: డాలస్‌లో ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగంలో చేరాను. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో 2018 టయోటా కామ్రీ 9,000 డాలర్లకి ఉంది. క్యాష్ ఇస్తే ఇంకో 500 తగ్గిస్తాడట. బండి పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు క్లీన్‌గానే వచ్చింది. దొంగ బండి కాదని నమ్మొచ్చా?

జవాబు: ఇంకా నమ్మకండి. 8,500 డాలర్లంటే మన లెక్కలో ఏడు లక్షల పైమాటే. డాలర్లలో విని ఊరుకోకుండా రూపాయల్లో ఒకసారి చూసుకోండి, చేతికి కాస్త జాగ్రత్త వస్తుంది. దొంగ బండిని మీరు తెలియక కొన్నా, పూర్తి ధర పెట్టి కొన్నా అది మీది కాదు. అసలు ఓనర్‌దో, అతనికి క్లెయిమ్ కట్టిన ఇన్సూరెన్స్ కంపెనీదో అవుతుంది. పోలీసులు టో ట్రక్కు తెచ్చి పట్టుకెళ్తారు. బండి ఎప్పుడూ మీది కాదు కాబట్టి మీ ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. లోను తీసి కొని ఉంటే కారు పోయినా వాయిదాలు మాత్రం ఆగవు. ఇంటి దగ్గర చదువు అప్పుకి వడ్డీ నడుస్తుండగా దాని మీద ఇదొకటి.

మనవాళ్లు తరచూ పొరబడేది కాగితం దగ్గర. మన దగ్గర ఆర్సీ చూస్తే సరిపోతుంది కాబట్టి, ఇక్కడ అమ్మేవాడు రిజిస్ట్రేషన్ స్లిప్పు చూపిస్తే తలూపేస్తారు. రిజిస్ట్రేషన్ అంటే బండి రోడ్డు మీద తిరగడానికి అనుమతి, అంతే. సొంతదారు ఎవరో చెప్పేది టైటిల్. టైటిల్ మీద పేరు, అమ్మేవాడి డ్రైవింగ్ లైసెన్స్ మీద పేరు ఒకటే కావాలి. "మా కజిన్ బండి, వాడు ఇండియా వెళ్లిపోయాడు, సంతకం పెట్టి ఇచ్చాడు" అన్నాడంటే అక్కడికే ఆపేయండి. తెలుగు గ్రూపులో పెట్టిన ప్రకటన అయినా ఇదే మాట. టైటిల్ మీద లీన్ హోల్డర్, అంటే బండి మీద అప్పిచ్చిన బ్యాంకు పేరుంటే ఆ బ్యాంకు లోను తీరిందని ఇచ్చిన కాగితం అడగండి. దిద్దినట్టు, గీకినట్టు కనిపించే టైటిల్‌ని కౌంటీ ఆఫీసులో తీసుకోరు.

ఇక విన్ నంబర్, అంటే ప్రతి బండికీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబర్. సాఫ్ట్‌వేర్‌లో లక్ష లైన్ల కోడ్‌లో తప్పు పట్టే పిల్లలు, కారు మీద పదిహేడు అక్షరాలు సరిచూసుకోరు. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఎప్పుడూ ఉండవు. పదో అక్షరం మోడల్ సంవత్సరం: 2018కి జే, 2019కి కే. తొమ్మిదోది మిగతా వాటి నుంచి లెక్కగట్టే చెక్ డిజిట్, 0 నుంచి 9 వరకు ఏదైనా, లేదా ఎక్స్. కాబట్టి నోటికొచ్చినట్టు అల్లిన నంబర్ అయితే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) వాళ్ల ఉచిత విన్ డీకోడర్‌లోనే దాదాపు దొరికిపోతుంది. మీరు చూస్తున్న కామ్రీ కెంటకీలో తయారైతే 4టీ1తో, జపాన్ నుంచి వచ్చిందైతే జేటీఎన్‌తో మొదలవ్వాలి. డీకోడర్ 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ అని చెప్తే హుడ్ కింద వీ6 ఉండకూడదు.

మీరు కార్‌ఫ్యాక్స్ క్లీన్ అన్నారు. అదే అసలు తిరకాసు. తెలివైన దొంగ నంబర్ అల్లడు. ఇంకో రాష్ట్రంలో సవ్యంగా తిరుగుతున్న అదే మోడల్, అదే రంగు బండి నంబర్ కాపీ కొట్టి దీనికి అతికిస్తాడు. దాన్నే క్లోనింగ్ అంటారు. మీరు డబ్బు కట్టి తెచ్చుకున్న రిపోర్టు ఆ మంచి బండిది. క్లీన్‌గా రాక ఏమవుతుంది? అందుకే రిపోర్టులో రంగు పచ్చగా ఉందా అని కాకుండా తేదీలు, ఊళ్లు చదవండి. మొన్ననే ఒహాయోలో ఆయిల్ మార్చినట్టు ఉంటే, అమ్మేవాడేమో రెండేళ్లుగా డాలస్ పక్కన ప్లేనోలోనే నడిపానంటుంటే, రెండు బండ్లున్నట్టే. మైలేజీ కూడా అంతే, రిపోర్టులో 92,000 అని ఉండి మీటర్లో 71,000 కనిపిస్తే ఇక మాట్లాడాల్సింది లేదు.

ఇన్సూరెన్స్ మోసాలు, బండ్ల దొంగతనాల మీద పనిచేసే ఎన్ఐసీబీ సంస్థ వాళ్ల విన్‌చెక్ ఉచితం, 24 గంటల్లో ఐదు నంబర్లు చూడొచ్చు. చూడండి, కానీ దాని మీదే ఆధారపడకండి. దొంగ బండ్లలో ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర దొంగతనం క్లెయిమ్ పడినవే అందులో ఉంటాయి. పాత బండ్లకి చాలామంది లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే పనికొచ్చే ఇన్సూరెన్స్) మాత్రమే కడతారు, దానికి దొంగతనం క్లెయిమ్ ఉండదు. నిన్న రాత్రి పోయిన బండి కూడా కనపడకపోవచ్చు. దేశమంతటి టైటిల్ రికార్డులుండే ఎన్‌ఎమ్‌వీటీఐఎస్ నుంచి కొద్ది డాలర్లకే వచ్చే రిపోర్టు తీసుకుంటే టైటిల్ ఏ తేదీన ఇచ్చారో, అప్పటి మైలేజీ ఎంతో ఉంటుంది. ఆ తేదీ మీ చేతిలోని కాగితం మీది తేదీతో కలవాలి. కలవకపోతే తర్వాత ఇంకో కాపీ తీసుకున్నారని, మీ ముందున్నది చెల్లనిదని అనుమానించాలి.

బండి దగ్గరికి పగటిపూట వెళ్లండి, ఇంకొకరిని వెంట తీసుకెళ్లండి. డ్రైవర్ వైపు ముందు అద్దం కింద డాష్‌బోర్డు మీద ఉన్న విన్ పలకని టార్చి వేసి చూడాలి. అక్షరాలు వంకరగా ఉన్నా, అంచుల్లో జిగురు మరక ఉన్నా, దాని మీద పార్కింగ్ చీటీ కావాలని పెట్టినట్టున్నా తప్పుకోండి. తర్వాత డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, దాని మీద నంబర్‌తో పాటు తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. అంచు గోటితో తడమండి. పీకి మళ్లీ అతికించిన స్టిక్కర్ చిరిగినట్టు, గళ్లు లేచినట్టు కనపడుతుంది. సీట్ బెల్టు అడుగున చిన్న బట్ట లేబుల్ మీద కూడా తయారీ తేదీ ఉంటుంది. అది డోర్ స్టిక్కర్ నెలకి కాస్త ముందుదై ఉండాలి. తర్వాతిదైతే ఆ బెల్టు ఎందుకు మార్చాల్సొచ్చిందో అడగండి.

పలక, స్టిక్కర్ రెండూ దొంగవే అయినప్పుడు పట్టిచ్చేది కారు కంప్యూటర్. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు, అంటే మెకానిక్‌లు స్కానర్ తగిలించే సాకెట్ ఉంటుంది. ముప్ఫై డాలర్ల లోపు స్కానర్ పెడితే కంప్యూటర్లో దాచిన విన్ నంబర్ ఫోన్‌లో చదువుతుంది. కొనేముందు విన్ చదివే రకమేనా అని చూడండి, కొన్ని చవక రకాలు ఎర్రర్ కోడ్లే చూపిస్తాయి. ఈ నంబర్ పలకతో కలవకపోతే అమ్మేవాడు కంప్యూటర్ మార్చామంటాడు. రిపేర్ బిల్లు చూపిస్తే సరే, లేకపోతే వద్దు. బద్ధకించకుండా ఏదైనా టయోటా సర్వీస్ కౌంటర్‌కి ఫోన్ చేసి నంబర్ చెప్పి, చివరి సర్వీస్ ఏ ఊళ్లో జరిగిందో, బండి రంగేమిటో అడగండి. చాలాచోట్ల చెప్తారు.

తాళాలు రెండూ అడగండి. ఒకటే ఉందంటే దొంగ బండి అని కాదు గానీ, రెండోదాని గురించి జవాబు తడబడితే ఆలోచించాల్సిందే. కియా, హ్యుందాయ్‌లో 2011 నుంచి 2021 మధ్య తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే మోడల్స్ చాలావాటికి ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేకుండా ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) లేక తెగ దొంగతనానికి గురయ్యాయి. అలాంటిది చూస్తుంటే స్టీరింగ్ కింద ప్లాస్టిక్ తొడుగు పగిలిందా, కొత్తగా మార్చారా చూడండి. టెక్సస్‌లో 2025 జూలై 1 నుంచి డీలర్లు కాగితం ట్యాగులు (తాత్కాలిక నంబర్ ప్లేట్లు) ఇవ్వడం మానేశారు, కాబట్టి టెక్సస్ పేపర్ ట్యాగుతో వచ్చిన బండిని దూరం నుంచే వదిలేయండి.

డబ్బు పార్కింగ్ లాట్‌లో ఇవ్వొద్దు, జెల్‌లో (ఫోన్ నుంచి బ్యాంకు డబ్బు పంపే యాప్) పంపొద్దు, అడ్వాన్స్ అసలే వద్దు. పనిదినాల్లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి ఇద్దరూ కలిసి వెళ్లండి. టైటిల్ మీ పేరుకి మార్చే 130-యూ ఫారం మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. 6.25 శాతం పన్ను, 30 రోజుల గడువు, మిగతా రూల్స్ టెక్సస్ డీఎంవీ (మన ఆర్టీఓ లాంటి శాఖ) సైట్‌లో ఉన్నాయి, చదువుకోండి. క్లర్క్ కాగితాలు తీసుకుని నంబర్ కొట్టి సరే అన్నాక, మీ బ్యాంకు ఇచ్చిన క్యాషియర్స్ చెక్ (మన డీడీ లాంటిది) అమ్మేవాడి చేతికివ్వండి. క్లోన్ చేసిన నంబర్ ఒక్కోసారి కౌంటర్ దగ్గర కూడా దాటిపోతుంది కాబట్టి పైన చెప్పినవి ముందే పూర్తిచేసుకుని వెళ్లాలి. ఆఫీసుకి రానని, 500 తగ్గింపు ఈ సాయంత్రం దాకానే అని తొందరపెట్టినవాడిని పొమ్మనండి. డాలస్‌లో కామ్రీలకి కరువు లేదు.

కొన్నాక అనుమానం వస్తే అమ్మినవాడి ఇంటికి వెళ్లి గొడవ పెట్టుకోకండి, బండి తిరిగి ఇచ్చేయకండి. పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి ప్రకటన స్క్రీన్‌షాట్లు, మెసేజీలు, చెక్కు నకలు ఇవ్వండి. నష్టం పూడ్చుకుందామని ఇంకొకరికి అంటగట్టారో, తెలిసి అమ్మడం నేరం. మీరు ఓపీటీ మీదో హెచ్1బీ మీదో ఉండి అరెస్టు రికార్డు పడితే, ఆ లాయర్ ఫీజుకి ఇలాంటి కామ్రీ ఇంకోటి వచ్చేస్తుంది.