బురదలో బతికే అయస్కాంతాలు

ప్రశ్న: కొన్ని బాక్టీరియాల శరీరంలో అయస్కాంత ఖనిజం సహజంగానే ఉంటుందని చదివాను. అది బయటి నుంచి చేరుతుందా, అవే తయారు చేసుకుంటాయా? అంత చిన్న జీవికి దానితో పనేమిటి?

జవాబు: అవే తయారు చేసుకుంటాయి. పరిసరాల్లోని నీటి నుంచి ఇనుమును గ్రహించి, పలుచని పొర గల అతి సూక్ష్మమైన సంచుల్లో దానిని మాగ్నెటైట్ (అయస్కాంత గుణం గల ఇనుప ఆక్సైడు) స్ఫటికాలుగా పెంచుతాయి. కొన్ని జాతులు మాత్రం గ్రైగైట్ అనే ఇనుప సల్ఫైడును తయారు చేస్తాయి. వీటిలో నన్ను అన్నిటికన్నా అబ్బురపరిచేది స్ఫటికాల కొలత. అవి ఎక్కువగా 35 నుంచి 120 నానోమీటర్ల మధ్యనే ఉంటాయి. బాగా చిన్నవైతే వేడి వల్ల కలిగే కదలికలకే వాటి అయస్కాంత దిశ నిలకడ తప్పుతుంది. మరీ పెద్దవైతే ఒకే స్ఫటికంలో వేర్వేరు దిశలకు తిరిగిన భాగాలు ఏర్పడి, ఒకదాని బలాన్ని మరొకటి హరిస్తాయి. స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కాకుండా ప్రోటీన్ పోగులు వాటిని వరుసగా నిలబెడతాయి కనుక, ఆ వరుస మొత్తం ఒకే దిక్సూచి సూదిలా పనిచేస్తుంది.

అయితే ఈ బాక్టీరియాలకు కావలసింది ఉత్తర దిక్కు కాదు, లోతు. ఆక్సిజన్ చాలా తక్కువగానో, అసలు లేకుండానో ఉండే పొరలే వాటికి అనువైనవి. భూమి అయస్కాంత రేఖలు ఉత్తరార్ధగోళంలో ఉత్తరం వైపు కిందికి వాలి ఉంటాయి కాబట్టి అక్కడి బాక్టీరియాలు ఎక్కువగా ఉత్తరానికి, దక్షిణార్ధగోళంలోనివి ఎక్కువగా దక్షిణానికి ఈదుతాయి. నలుదిక్కులా వెతుక్కునే శ్రమ పోయి, ఒక్క రేఖ వెంట ముందుకో వెనక్కో కదిలితే సరిపోతుంది.

వీటిని 1963లో ఇటలీలోని పావియాలో సాల్వతోరే బెల్లిని గమనించి రాసినా, అది ఎక్కువ మందికి చేరలేదు. 1975లో అమెరికాకు చెందిన రిచర్డ్ బ్లేక్‌మోర్ పత్రం వెలువడ్డాకే ప్రపంచం దృష్టి ఇటు మళ్లింది. అయినా బెల్లిని పేరును కలిపి చెప్పుకోవడమే న్యాయం.

ఒక అపోహ కూడా తొలగాలి. సూక్ష్మదర్శిని కింద బురదనీటి చుక్క పక్కన అయస్కాంతం పెడితే ఈ జీవులు ఒక అంచుకు చేరుతాయి. అది చూసి అయస్కాంతమే వాటిని లాగుతోందనుకుంటాం. నిజానికి అది వాటిని తిప్పుతుంది, అంతే. ఈదేది వాటి కశాభాలతో, అంటే తోకల్లాంటి సన్నని పోగులతో, అవే. అందుకే చనిపోయిన కణాలు కూడా అయస్కాంత క్షేత్రం దిశకు తిరుగుతాయి గానీ, అంచు వైపు సాగిపోవు.