వడగాలులు, పిడుగుల వానలు అంటున్నారు, మే నెలాఖరులో అమ్మానాన్నలతో అలిపిరి మెట్లు ఎక్కొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఈ వేసవిలో వడగాలుల రోజులు మామూలుకంటే ఎక్కువని, నడుమ నడుమ ఉరుముల వానలు కూడా పడొచ్చని వాతావరణ శాఖ అంటోంది, మే నెలాఖరులో అరవై దాటిన అమ్మానాన్నలతో అలిపిరి మెట్ల మొక్కు ఉంది, రావాలా, మానుకోవాలా అని.

రండి. కాకపోతే ఏ రోజు ఎక్కుతారన్నదానికంటే ఏ పూట ఎక్కుతారన్నదే ముఖ్యం. మాది పాకాల దగ్గర పల్లె, ఉండేది తిరుపతిలో. ఊళ్ళో మామిడి తోట ఉంది కాబట్టి ఎండాకాలమంతా ఆకాశం చూస్తూ ఉండటం మాకు తప్పదు.

ముందు ఆ అంచనా సంగతి. అది ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలలకీ కలిపి చెప్పే మాట. ఎండలు మామూలుకంటే ఎక్కువ ఉండే అవకాశం ఎంత అన్నంతవరకే అందులో ఉంటుంది. మీరు కొండెక్కే రోజు ఎలా ఉంటుందో అది చెప్పదు. దాన్ని చూసి రైలు టికెట్ క్యాన్సిల్ చేసుకోకండి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. మైదాన ప్రాంతంలో వడగాలి అని ప్రకటించాలంటే ఎండ కనీసం 40 డిగ్రీలు ఉండి, అక్కడి మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేదా ఏకంగా 45 తాకాలి. మే నెలలో తిరుపతిలో మామూలు ఎండే 40కి అటూ ఇటూగా ఉంటుంది. అంటే 42 డిగ్రీల రోజున వడగాలి హెచ్చరిక రాకపోవచ్చు. అంతమాత్రాన పెద్దవాళ్ళు బయట తిరగొచ్చని కాదు. పైగా బంగాళాఖాతం మీది నుంచి తేమ గాలి వచ్చిందంటే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఆ ఉక్కపోతే పెద్దవాళ్ళని ఎక్కువ దెబ్బతీస్తుంది. రాత్రి కూడా ఊరట ఉండదు. మా ఇంట్లో తొమ్మిదింటికి కూడా కుళాయి నీళ్ళు కాలుతుంటాయి, మిద్దె మీద చెప్పులు లేకుండా నిలబడలేం. అందుకని ముందురోజు రాత్రి మీవాళ్ళు చల్లటి గదిలో కంటినిండా నిద్రపోయేలా చూడండి. ఈ ఒక్క విషయంలో ఖర్చుకి వెనకాడకండి.

ఇక ఉరుముల వాన. ఎండ ఎక్కువన్నారు, మళ్ళీ వానన్నారు, ఏది నమ్మాలి అని అడిగారు. రెండూ నమ్మాలి. పొద్దుటి నుంచి కాగిన నేల మీది వేడి గాలి పైకి లేస్తుంది. దానికి సముద్రపు తేమ తోడై, కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా ద్రోణి, అంటే గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి పట్టీ ఉంటే, క్యుములోనింబస్ అనే ఎత్తైన ఉరుముల మేఘం కొన్ని గంటల్లోనే కట్టేస్తుంది. అందుకే మా వైపు గాలివాన ఎక్కువగా మధ్యాహ్నం మూడు తర్వాతే వస్తుంది.

కిందటేడు మే నెలలో తోటలో కాయ కోయిస్తున్నాం. రెండింటిదాకా ఆకు కదల్లేదు. తర్వాత పడమటి దిక్కు సీసం రంగుకి తిరిగింది. మా నాన్న మెరుపుకీ ఉరుముకీ నడుమ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మూడు సెకన్లు అంటే పిడుగు ఒక కిలోమీటరు దూరంలో పడ్డట్టు. లెక్క ముప్పైకి తగ్గగానే కూలీలందర్నీ చెట్ల కింద నుంచి మిద్దింట్లోకి పంపేశారు. ఇంకా వాన చుక్క లేదు, పైన కొంత నీలం కూడా కనిపిస్తోంది. మమ్మల్ని కోత ఆపమంటే విసుగొచ్చింది కూడా. కాసేపటికి దుమ్ముతో ఈదురుగాలి లేచింది, తోతాపురి కాయలు నేల మీద దబదబా రాలాయి, పక్క చేలో తాటిచెట్టు మీద పిడుగు పడి మొవ్వు మాడిపోయింది. రాలిన కాయకి ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చే ధర గురించి ఇక్కడ చెప్పను, అది వేరే బాధ. మనుషులు మిగిలారు, అది చాలు.

మీకు పనికొచ్చే మాట: అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. గాలిగోపురం దాకానే ఒంటికి అసలు పని, తర్వాత చాలా దూరం తేలికే, చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిటారు. తెల్లవారుజామున దారి తెరవగానే మొదలుపెడితే కష్టమైన మొదటి భాగం ఎండ ముదరకముందే అయిపోతుంది. పెద్దవాళ్ళతో ఐదారు గంటలు పట్టినా పదకొండుకి పైనుంటారు. సాయంత్రం చల్లబడ్డాక ఎక్కుదాం అనే ఆలోచన మాత్రం వద్దు, ఉరుములు వచ్చే వేళ అదే. 2023లో చిరుత దాడుల తర్వాత నడకదారికి వేళల ఆంక్షలు కూడా వచ్చాయి, ముఖ్యంగా పిల్లలతో వెళ్ళేవాళ్ళకి. టీటీడీ ప్రకటన చూసుకోండి. కొండకి ఇంకో నడకదారి శ్రీవారి మెట్టు 2,388 మెట్లే కదా అనుకోవద్దు, అది నిటారుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులుంటే అలిపిరే నయం.

ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చెబుతుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందురోజే ఏ మండలంలో వడగాలులో, ఎక్కడ తీవ్ర వడగాలులో జాబితా ఇస్తుంది, తిరుపతి పేరు ఉందేమో చూడండి. దారిలో ఉరుము వినిపిస్తే చెట్టు కింద ఆగకుండా దగ్గర్లోని పక్కా కట్టడంలోకి వెళ్ళండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కదలొద్దు. దాహం వేయకముందే ఓఆర్ఎస్, మజ్జిగ కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. నాన్నగారు బీపీకి నీరు పోయే మాత్ర వేసుకుంటుంటే బయల్దేరేముందే డాక్టర్ని అడగండి. మాట తడబడినా, ఒళ్ళు కాలుతూ తికమకగా మాట్లాడినా అలసటే అనుకోవద్దు, వెంటనే నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, 108కి ఫోన్ చేయండి.

దర్శనానికి ఒక రోజు ముందే తిరుపతి చేరేలా ప్లాన్ చేసుకోండి. ఎక్కాల్సిన రోజున రెడ్ హెచ్చరిక వస్తే అమ్మానాన్నల్ని బస్సులో పైకి పంపి, మెట్లు మీరెక్కండి.