గ్రీన్ పౌడర్ తాగితే ఆకుకూర తిన్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 54. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. థైరాయిడ్ మాత్ర 75 మైక్రోగ్రాములు. మూడేళ్ల కిందట కిడ్నీలో రాయి పడిపోయింది, ఆక్సలేట్ రాయి అన్నారు. అప్పటి నుంచి పాలకూర, టమాటా మానేశాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి గ్రీన్ పౌడర్ డబ్బా పంపాడు. రోజూ ఒక స్కూపు (10 గ్రాములు) నీళ్లలో కలుపుకుని తాగితే ఆకుకూరలు తిన్నట్టే అంటున్నాడు. ఉదయం టిఫిన్ బదులు తాగొచ్చా? గుండె వాల్వు మార్పించుకుని రక్తం పలచబడే మాత్ర వాడుతున్న మా వారికీ ఇవ్వొచ్చా?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

సలహా: టిఫిన్ బదులు తాగొద్దు. మీ వారికి ఇవ్వొద్దు. మీ ఆరోగ్యం ఉన్న తీరుకు అసలు ఈ డబ్బాతో మీకు పని లేదు. ఎందుకో చెబుతాను.

మీ మాత్రలో ఉన్న గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా పాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. ఒక స్కూపు పౌడర్‌లో సాధారణంగా 30 నుంచి 50 కేలరీలే ఉంటాయి. మాత్ర వేసుకుని ఇది తాగి ఊరుకుంటే మధ్యాహ్నం లోపే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు. ఎప్పుడైనా అలా అనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు షుగర్ చూసుకోండి. 70 లోపే ఉంటే మళ్లీ తాగండి.

ఇక ఆకుకూరతో సమానమా అన్న సంగతి. పాలకూర, తోటకూర బరువులో 85 నుంచి 90 శాతం దాకా నీరే. 100 గ్రాముల ఆకు ఎండితే 10, 15 గ్రాముల పొడి మిగులుతుంది. స్కూపులో ఉన్నదంతా ఉత్త ఆకే అయితే మీ అబ్బాయి లెక్క దాదాపు సరిపోయేది. డబ్బా వెనక చూడండి, పదార్థాలను ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది తర్వాత రాస్తారు. చాలా డబ్బాల్లో స్పిరులినా (ఒక రకం నీటి నాచు), గోధుమ గడ్డి, పండ్ల పొడి, ఇన్యులిన్ (ఒక రకం పీచు, ఇన్సులిన్ కాదు), తీపికి స్టీవియా ముందుంటాయి. పాలకూర, బ్రకోలీ బొమ్మ ముందు వైపు, పేరు మాత్రం వెనక ఎక్కడో చివర! అన్నీ కలిపి ‘బ్లెండ్’ అని ఒకే అంకె వేస్తే ఏది ఎంత ఉందో తెలుసుకునే దారే లేదు. అమెరికాలో ఇలాంటి సప్లిమెంట్లను అమ్మకానికి ముందు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించి ఆమోదించదు. 1994 నాటి చట్టం ప్రకారం ఆ బాధ్యత తయారీదారుదే. మన దగ్గర డబ్బా మీదుండే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు కూడా తయారీకి లైసెన్సు ఉందని మాత్రమే చెబుతుంది, సరుకు పనిచేస్తుందని హామీ ఇవ్వదు.

పీచు దగ్గర తేడా ఇంకా తెలుస్తుంది. 100 గ్రాముల తోటకూరలో సుమారు 4 గ్రాముల పీచు ఉంటుంది. స్కూపులో తరచూ ఒకటి రెండు గ్రాములే. పైగా పప్పులోనో వేపుడులోనో అన్నంతో కలిపి తిన్న ఆకుకూర, ఆ అన్నం వల్ల షుగర్ పెరిగే వేగాన్ని తగ్గిస్తుంది. పొద్దున తాగిన పచ్చ నీళ్లు మధ్యాహ్నం అన్నానికి ఏ సాయమూ చేయవు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 100 గ్రాముల ఆకుకూర, మరో 300 గ్రాముల కూరగాయలు తినమంటుంది. 100 గ్రాముల పచ్చి ఆకు ఉడికితే అరకప్పుకు దిగుతుంది, అది పెద్ద కష్టం కాదు. (మన మునగాకు పొడికీ ఇదే లెక్క. చెంచా పొడి 3 గ్రాములు అనుకుంటే అది 12 గ్రాముల పచ్చి ఆకుతో సమానం. రుచికి మంచిదే, కూరకు బదులు కాదు.)

మీ రాయి విషయంలో పాలకూర తగ్గించడం సరైనదే. టమాటా మాత్రం అనవసరంగా మానేశారు. మీ రాయికి కారణమైన ఆక్సలేట్ దానిలో చాలా తక్కువ. అసలు జాగ్రత్త పడాల్సినవి పాలకూరతో పాటు తోటకూర, బచ్చలి, గోంగూర, గంగవాయిలి. మెంతికూర, క్యాబేజీ, ఉల్లికాడలు మీరు తరచూ తినొచ్చు. పాలకూర తినాలనిపిస్తే పది రోజులకోసారి, ఎక్కువ నీళ్లలో ఐదారు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోండి. ఆక్సలేట్‌లో కరిగే భాగం ఆ నీళ్లతో పోతుంది. అదే పూటలో కప్పు పెరుగు తినండి. పెరుగులోని క్యాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుంటుంది, అది రక్తంలోకి ఎక్కదు. రాళ్లున్నాయని పాలు, పెరుగు మానేసేవాళ్లు అందుకే నష్టపోతారు. పౌడర్‌లో ఉన్నది ఉడికించని ఆకు, వంపేయడానికి నీళ్లూ ఉండవు. దానికి తోడు ఎండబెట్టినప్పుడు పోయిన విటమిన్ సిని చాలా కంపెనీలు బయటి నుంచి కలుపుతాయి. మోతాదు మించిన విటమిన్ సి శరీరంలో ఆక్సలేట్‌గానే మారుతుంది. రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంతగా నీళ్లు తాగండి, ఊరగాయ తగ్గించండి. ఉప్పు పెరిగితే మూత్రంలో క్యాల్షియమూ పెరుగుతుంది.

థైరాయిడ్ మాత్ర పరగడుపున, మంచినీళ్లతోనే వేసుకోవాలి. క్యాల్షియం, ఇనుము కలిపిన పౌడర్ ఏదైనా దానికి కనీసం నాలుగు గంటల దూరంలో ఉండాలి, లేకపోతే మాత్ర ఒంటబట్టదు. డబ్బాలో అశ్వగంధ ఉందేమో చూడండి. అది థైరాయిడ్ హార్మోన్ల మీద ప్రభావం చూపుతుంది, కొందరిలో కాలేయం దెబ్బతిన్న దాఖలాలూ ఉన్నాయి. గ్రీన్ టీ సారం ఎక్కువ మోతాదులో ఉన్నా కాలేయానికి మంచిది కాదు. బయోటిన్ అనే విటమిన్ మైక్రోగ్రాముల్లో ఉంటే భయం లేదు. జుట్టు కోసం 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు వేరేగా వాడుతుంటే మాత్రం రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. లేకపోతే కొన్ని ల్యాబ్‌ల పద్ధతిలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్షలో చూసే హార్మోన్) ఉన్నదానికంటే తక్కువ చూపించి, డాక్టరు మీ మోతాదు పొరపాటున తగ్గించే ప్రమాదం ఉంది.

స్పిరులినాలో బి12 ఉందని రాస్తారు. అందులో ఎక్కువ భాగం మన శరీరానికి పనికిరాని రూపం. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు కాబట్టి ఈసారి పరీక్షల్లో బి12 కూడా చూపించుకోండి. అరికాళ్లలో తిమ్మిర్లుంటే ఆలస్యం చేయకండి.

ఆకు శుభ్రం చేసే పద్ధతి ముఖ్యం, ముఖ్యంగా మీరుండే ఊళ్లో. మూసీ పొడవునా మురుగునీటితో ఆకుకూరలు పండిస్తున్నారు. కట్ట విప్పి, వేళ్లు కోసేసి, వెడల్పాటి గిన్నెలో నిండా నీళ్లు పోసి ఆకును ముంచండి. నీళ్లు వంపకుండా ఆకునే చేత్తో పైకి తీయండి, మట్టి అడుగున ఉండిపోతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు ఇలా చేశాకే తరగండి. తరిగి కడిగితే విటమిన్లు నీళ్లపాలు. పచ్చి ఆకు రసం తాగొద్దు, ఉడికించే తినండి. రంగు పోకుండా సోడా వేయొద్దు. పోపులో చెంచా నూనె ఉంటే విటమిన్ ఎ బాగా ఒంటబడుతుంది. దించాక నిమ్మరసం పిండితే ఇనుము ఎక్కువగా అందుతుంది. భోజనం అయిన గంటదాకా టీ వద్దు.

మీ వారు వాడేది ఎసినోకౌమరాల్ లేదా వార్ఫరిన్ అయ్యుంటుంది. ఆకుపచ్చ ఆకుల్లోని విటమిన్ కె ఆ మాత్ర పనికి అడ్డం వస్తుంది. పౌడర్ మొదలుపెడితే ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష అంకె) పడిపోయి వాల్వు మీద గడ్డ కట్టొచ్చు, పక్షవాతం రావచ్చు. డబ్బా మీద విటమిన్ కె ఎంతుందో చాలామంది రాయరు కూడా. అలాగని ఆయనకు ఆకుకూరలు పూర్తిగా మాన్పించకండి. అకస్మాత్తుగా మానేస్తే ఐఎన్‌ఆర్ పెరిగి రక్తస్రావం కావచ్చు. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ ఇంచుమించు ఒకే కొలత పెట్టండి. ఇప్పటికే ఆయన ఈ పొడి తాగి ఉంటే ఆపి, డాక్టరుకు చెప్పి, రెండు మూడు రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించండి.